టీసీ లేదని మనవడి అడ్మిషన్ ఆపకూడదు
పెద్దమ్మగారూ, కూతురూ అల్లుడూ దుబాయ్‌లో ఉన్నారు, నాలుగో క్లాసు మనవడిని మా ఊరి గవర్నమెంట్ స్కూల్లో చేర్చబోతే తల్లిదండ్రుల సంతకం, టీసీ లేకుండా కుదరదన్నారని రాశారు కదా, అస్సలు భయపడకండి. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 2 ప్రకారం పిల్లాడి ఆలనాపాలనా చూసేవాళ్లు కూడా గార్డియనే, కాబట్టి మీరే సంతకం పెట్టొచ్చు. టీసీ లేటయిందని ఆపకూడదని సెక్షన్ 5లో, వయసు ప్రూఫ్ లేదని ఆపకూడదని సెక్షన్ 14లో ఉంది. ఇవన్నీ తెల్లకాగితం మీద రాసి హెడ్‌మాస్టర్‌కి ఇచ్చి రెండో కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు తప్పకుండా వేయించుకోండి, నోటిమాటగా అడిగితే ఊరికే తిప్పుతారు, ఈ వయసులో మీకెందుకండీ ఆ తిరుగుడు. అప్పటికీ కాదంటే ఆ కాపీ పట్టుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లండి. ఈలోగా పాత స్కూల్‌కి టీసీ కోసం లెటర్ రాసి వాట్సాప్‌లో పంపమని కూతురికి చెప్పండి.