ఛార్జిషీటులో లేని ఆడపడుచును విచారణ మధ్యలో ముద్దాయిగా చేర్చవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడి మీద అతని భార్య 2021లో 498ఏ (భర్త, అతని బంధువుల వేధింపులు) కేసు పెట్టింది. ఎఫ్‌ఐఆర్‌లో మా అమ్మానాన్నలతో పాటు నా పేరు, మా వారి పేరు కూడా రాయించింది. నాకు అప్పటికే పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్నాను. పోలీసులు దర్యాప్తు చేసి మా ఇద్దరి పేర్లూ తీసేసి ఛార్జిషీటు వేశారు. ఇప్పుడు ఆమె కోర్టులో సాక్ష్యం చెబుతూ మేమూ వేధించామని చెప్పిందట. దాంతో మమ్మల్నీ ముద్దాయిలుగా చేర్చాలని ఏపీపీ (ప్రభుత్వం తరఫు న్యాయవాది) పిటిషన్ వేశారు. పోలీసులే వదిలేసిన వాళ్లను కోర్టు మళ్లీ పిలవగలదా?

జవాబు: పిలవగలదు. పోలీసులు పేరు తీసేసినంత మాత్రాన కోర్టు చేతులు కట్టేసినట్టు కాదు. సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) సెక్షన్ 319 ఇచ్చిన అధికారం అది. 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే సెక్షన్ 358గా వచ్చింది. మీ కేసు అంతకు ముందు నుంచే నడుస్తోంది కాబట్టి మీకు పాత 319 వర్తిస్తుంది. అయితే పిటిషన్ పడగానే మీరు ముద్దాయిలైపోయినట్టు కాదు. ఈ అధికారాన్ని ఆచితూచి వాడాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఇందులో కీలకమైన తీర్పు 2014లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన హర్‌దీప్ సింగ్ తీర్పు. అభియోగాలు నమోదు చేయడానికి ప్రాథమిక ఆధారం ఉంటే చాలు. 319 కింద కొత్తగా ఒకరిని పిలవాలంటే అంతకంటే బలమైన సాక్ష్యం కావాలి. శిక్ష ఖాయం అనిపించేంత అక్కర్లేదు గానీ, ‘వీళ్లకూ సంబంధం ఉండొచ్చు’ అన్న అనుమానం మాత్రం సరిపోదు. ఆ సాక్ష్యం కోర్టులో నమోదైనదై ఉండాలి. ఎఫ్‌ఐఆర్‌లో పేరుందనో, పోలీసులకిచ్చిన 161 వాంగ్మూలంలో పేరుందనో మాత్రమే చూపి పిలవడం కుదరదు. క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం ప్రశ్నించడం) అయ్యేదాకా ఆగాల్సిన పని లేదనీ, చీఫ్‌లో, అంటే సాక్షిని పిలిచిన పక్షం మొదట అడిగినప్పుడు చెప్పిన దాని మీదే పిలవవచ్చనీ అదే తీర్పు చెప్పింది. మీకు ఇబ్బంది అక్కడే.

కాబట్టి మీ తమ్ముడి న్యాయవాది ద్వారా పి.డబ్ల్యూ.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే అతని భార్య) డిపోజిషన్, అంటే కోర్టులో నమోదైన సాక్ష్యం, నకలు ముందుగా తెప్పించి, మీ పేరు వచ్చిన ప్రతి వాక్యమూ చదవండి. ‘ఏ1 (మొదటి ముద్దాయి, అంటే మీ తమ్ముడు), అత్తమామలు, ఆడపడుచు, ఆమె భర్త అందరూ కలిసి అదనపు కట్నం కోసం వేధించారు’ అని మాత్రమే ఉంటే అది గంపగుత్త ఆరోపణ. ‘ఫలానా పండక్కి వచ్చినప్పుడు ఆడపడుచు నా గాజులు లాక్కుని, పుట్టింటి నుంచి రెండు లక్షలు తెచ్చేదాకా ఇవ్వనంది, మా అమ్మ అప్పుడు అక్కడే ఉంది’ అని ఉంటే, పైగా తల్లి కూడా పి.డబ్ల్యూ.2గా అదే చెబితే, పరిస్థితి వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు అన్న నాలుగింటికీ జవాబు దొరికే సాక్ష్యమైతే మెజిస్ట్రేట్ పిలిచే అవకాశం ఎక్కువ.

గంపగుత్త ఆరోపణలతో భర్త బంధువులందరినీ కేసులోకి లాగడాన్ని సుప్రీంకోర్టు 2022లో కహ్కషాన్ కౌసర్ కేసులోనూ, 2024 డిసెంబరులో తెలంగాణ నుంచే వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులోనూ తప్పుపట్టింది. అవి కేసు కొట్టివేతకు సంబంధించిన తీర్పులే అయినా, 319 పిటిషన్‌కు జవాబిచ్చేటప్పుడూ పనికొస్తాయి. వీటికంటే సూటిగా ఉపయోగపడేది 2017 నాటి బ్రిజేంద్ర సింగ్ తీర్పు. అది హత్య కేసు. పోలీసులకు చెప్పిందే సాక్షులు కోర్టులో మళ్లీ చెప్పారు తప్ప కొత్తగా ఏమీ లేదు, పిలిచిన వాళ్లు ఆ సమయంలో వేరే ఊళ్లో ఉన్నట్టు దర్యాప్తులో దొరికిన ఆధారాలను కింది కోర్టు చూడనే లేదు. అందుకని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. మీ పేర్లు ఎందుకు తీసేశారో ఛార్జిషీటులో దర్యాప్తు అధికారి రాసిన కారణం ఈ కోణంలో చాలా ముఖ్యం. వేరే ఊళ్లో ఉంటున్నామన్నది ఒక్కటే రక్షణ అనుకోకండి. ఆరోపించిన తేదీన అక్కడ లేరని చూపే ఉద్యోగ హాజరు, ఆసుపత్రి రికార్డు వంటివి ఉంటేనే దానికి బలం.

మీవారు రక్తసంబంధీకుడు కాదు కదా అన్న వాదన ఇక్కడ నిలవడం కష్టం. రక్తసంబంధం, వివాహం, దత్తత ద్వారా ఏర్పడే బంధుత్వాలన్నీ 498ఏ కిందికి వస్తాయి.

ఇప్పుడే కౌంటర్ (పిటిషన్‌కు రాతపూర్వక జవాబు) వేద్దామనుకుంటారేమో. సమన్లు వచ్చేలోపు మీ వాదన వినాలన్న నియమం 319లో లేదు. సుప్రీంకోర్టు 2023లో యశోధన్ సింగ్ కేసులో ఇదే స్పష్టం చేసింది. కానీ మీ తమ్ముడు ఏ1 హోదాలో ఆ పిటిషన్‌ను వ్యతిరేకించవచ్చు. ఛార్జిషీటు, 161 వాంగ్మూలాలు, డిపోజిషన్ పక్కపక్కన పెట్టి, కోర్టులో కొత్తగా పుట్టిన మాటలేవో ఆయన న్యాయవాది కౌంటర్‌లో చూపించాలి. చీఫ్ అయ్యాక క్రాస్ ఇంకా మిగిలి ఉంటే, పోలీసులకు ఆ సంగతి చెప్పలేదని ఆమెచేత ఒప్పించడం, తర్వాత దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేయడం మరీ అవసరం.

ఒకవేళ పిటిషన్ అనుమతించి సమన్లు పంపితే తప్పించుకోవద్దు. రాకపోతే వారంట్ వస్తుంది, అప్పుడు అనవసరంగా బెయిలు సమస్య మొదలవుతుంది. అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిలు అడగవచ్చు. వాయిదాలకు ప్రతిసారీ రాలేకపోతే సీఆర్‌పీసీ సెక్షన్ 205 కింద హాజరు మినహాయింపు కోరండి. డిశ్చార్జి (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమనే) పిటిషన్ మీద ఆశ పెట్టుకోకండి. 319 కింద పిలిచిన వ్యక్తి డిశ్చార్జి కోరలేరని 2015లో జోగేంద్ర యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు వచ్చిన రోజునే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, 90 రోజుల్లోగా సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ రివిజన్ (ఆ ఉత్తర్వును పై కోర్టు మళ్లీ పరిశీలించాలనే పిటిషన్) వేయాలి.

మిమ్మల్ని ముద్దాయిలుగా చేరిస్తే మీ విషయంలో విచారణ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, సాక్షులను మళ్లీ పిలవాలి. ఇంతవరకు నమోదైన సాక్ష్యాన్ని మీ న్యాయవాది క్రాస్ చేయకుండా మీ మీద వాడలేరు. ఫిర్యాదు చేసిన మహిళకూ ఇది భారమే, మళ్లీ బోనెక్కాలి. నిజంగా బాధ పెట్టిన వ్యక్తి పేరును పోలీసులు తీసేశారని అనుకునే మహిళలు, ఛార్జిషీటు మీద కోర్టు నోటీసు వచ్చినప్పుడే ప్రొటెస్ట్ పిటిషన్ (పోలీసుల నివేదికపై అభ్యంతరం) వేయడం మంచిది. అది వేయని వాళ్లకు చీఫ్ ఎగ్జామినేషన్‌లో సంఘటనలను విడివిడిగా చెప్పడమే మిగిలిన దారి. విచారణ పూర్తిగా ముగిశాక ఈ సెక్షన్ పనిచేయదు. శిక్ష పడే కేసైతే శిక్ష ఖరారు చేసే ఉత్తర్వుకు ముందే, నిర్దోషులుగా విడుదల చేసే కేసైతే ఆ తీర్పుకు ముందే కొత్త ముద్దాయిలను పిలవాలని 2022లో సుఖ్‌పాల్ సింగ్ ఖైరా కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఈలోగా రాజీ మాట్లాడదామని మీరు నేరుగా ఆమె దగ్గరికి గానీ ఆమె పుట్టింటికి గానీ వెళ్లవద్దు. సాక్షిని బెదిరించారన్న ఇంకో ఫిర్యాదుకు అది దారి తీస్తుంది. రాజీ ఆలోచన ఉంటే ఇరుపక్షాల న్యాయవాదుల ద్వారా, లేదా లోక్ అదాలత్‌లో మాట్లాడుకోండి.