పెదనాన్న ఉత్తరం: ఎస్ అని రాసే ముందు

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేసి, నీకు రీసెర్చ్ సీటు వచ్చిందని, యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా మీద పనిచేయబోతున్నావని చెప్పాడు. గర్వంగా ఉంది తల్లీ. భయంగానూ ఉంది. ఈ నిరోధకత వల్ల నేరుగా 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది చనిపోయారన్న అంచనా నీకు కంఠస్థమయ్యే ఉంటుంది. అలాంటి అంకెలన్నిటికీ అడుగున ఎవరో ఒకరు బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద, మందు కాగితపు బిళ్ళ (డిస్క్) చుట్టూ పెరుగుదల లేని వలయాన్ని, అంటే జోన్‌ను కొలిచి, కాగితం మీద ఎస్ (సెన్సిటివ్, మందుకి లొంగేది) అనో ఆర్ (రెసిస్టెంట్, లొంగనిది) అనో రాసి ఉంటారు. ఇకమీదట ఆ అక్షరం రాసేది నువ్వు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. బ్యాక్టీరియాను పెంచే జెల్లీ, ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మి.మీ. ఉండాలి. పలచనైతే జోన్ పెద్దదై లేని గుణం చూపిస్తుంది, మందమైతే చిన్నదవుతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.4. అది తగ్గితే జెంటామైసిన్ లాంటివి బలం కోల్పోతాయి, టెట్రాసైక్లిన్‌కేమో లేని బలం వస్తుంది. డిస్కుల డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాకే మూత తియ్యి, లేకపోతే లోపల చెమ్మ పట్టి మందు పాడవుతుంది. బ్యాక్టీరియాను సెలైన్‌లో సస్పెన్షన్‌గా కలిపిన 15 నిమిషాల్లో ప్లేటు మీద పరచు, మరో 15 నిమిషాల్లో డిస్కులు పెట్టు, ఇంకో 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లోకి చేర్చు. కో-ట్రైమాక్సజోల్ జోన్‌లో పలచటి పొర కనిపిస్తే దాన్ని వదిలేసి, గట్టి పెరుగుదల అంచు దగ్గరే కొలువు.

ఒక్క దగ్గర మాత్రం కోప్పడతాను. సస్పెన్షన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే 0.5 మెక్‌ఫార్లాండ్ మసకను కంటితో అంచనా వేసి ‘సరిపోయిందిలే’ అనుకోకు. అలా అనుకునేవాళ్ళను ప్రతి ల్యాబ్‌లోనూ చూస్తావు, వాళ్ళు చాలా అనుభవజ్ఞుల్లా కనిపిస్తారు కూడా. ఆ మసక అంటే మి.లీ.కి సుమారు 10 నుంచి 20 కోట్ల ఈ. కోలై. మందును రకరకాల మోతాదుల్లో బ్రాత్ (ద్రవ మీడియా)లో కలిపి చిన్న గుంటల్లో (వెల్స్) పరీక్షించే మైక్రోడైల్యూషన్‌లో, వెల్‌లోకి చేరేసరికి అది మి.లీ.కి 5 లక్షలు అవ్వాలి. అయిందో లేదో తెలుసుకోవడం తేలిక. మందు లేని కంట్రోల్ వెల్ నుంచి, ఇంక్యుబేటర్‌లో పెట్టక ముందే 10 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. సెలైన్‌లో కలుపు. అందులోంచి 100 మైక్రోలీటర్లు ప్లేటు మీద పరచు. మర్నాటికి 50 కాలనీల దాకా రావాలి. 5 వస్తే ఆ రోజు చూసిన ఎంఐసిలు (పెరుగుదలను ఆపే అతి తక్కువ మందు మోతాదులు) ఉన్నదానికన్నా తక్కువ చూపించే ప్రమాదం ఉంది, 500 వస్తే ఎక్కువ చూపిస్తాయి, ముఖ్యంగా పెన్సిలిన్ కుటుంబపు బీటా-లాక్టమ్ మందులకు. ఇదంతా అయ్యేది ఒక్క ప్లేటు ఖర్చుతో. బద్ధకించకమ్మా.

ఇక నీకు గట్టిగా చెప్పాలనుకున్న సంగతి కొలిస్టిన్. ఇది ఈ రంగమంతా కలిసి ఏళ్ళ తరబడి చేసిన తప్పు, ఇంకా పూర్తిగా పోలేదు.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970లలో పక్కన పెట్టేశారు. కార్బపెనెమ్‌లనే బలమైన మందులకి కూడా లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ పెరిగిపోయాక, ఇచ్చేందుకు ఇంకేమీ మిగలక మళ్ళీ బయటికి తీశారు. అంటే కొలిస్టిన్ పనిచేస్తుందా అని డాక్టరు అడుగుతున్నారంటే, ఆ రోగికి దాదాపు అన్ని దారులూ మూసుకుపోయాయన్నమాట. అలాంటి మందుకి చాలా ల్యాబులు చేసిన పరీక్ష ఏమిటంటే, మిగతా మందులకు పెట్టినట్టే ఒక డిస్క్ పెట్టి జోన్ కొలవడం.

డిస్క్ పరీక్షకు ఆధారమల్లా మందు అగార్‌లోకి పాకడమే. సిప్రోఫ్లాక్సాసిన్ అణుభారం 331. కొలిస్టిన్‌ది 1150 పైమాటే, పైగా అది ధనావేశం ఉన్న పెప్టైడ్. డిస్క్ చుట్టూ కాస్త పాకి ఆగిపోతుంది. దాంతో లొంగే బ్యాక్టీరియా జోన్‌కీ లొంగని దాని జోన్‌కీ తేడా కొద్ది మిల్లీమీటర్లకు మించదు. రెండు గుంపులూ ఒకదాని మీదొకటి పడతాయి. మందు మోతాదు క్రమంగా మారుతూ ఉండే గ్రేడియెంట్ స్ట్రిప్‌దీ ఇదే జబ్బు, ఎంఐసిని తక్కువగా చూపిస్తుంది. రెసిస్టెంట్‌ను సెన్సిటివ్ అని రాయడాన్ని మన పనిలో వెరీ మేజర్ ఎర్రర్ అంటారు. తిరగేసి రాస్తే మేజర్ ఎర్రర్. రెండో తప్పు వల్ల రోగికి ఒక మంచి మందు అందకుండా పోవచ్చు. మొదటి తప్పు వల్ల కిడ్నీలను దెబ్బతీసే మందు ఎక్కుతూనే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం ముదురుతుంది.

2015 నవంబరులో చైనా నుంచి ఎంసీఆర్-1 జన్యువు వార్త వచ్చింది. అది ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉంటుంది, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మారుతుంది. బ్యాక్టీరియా పై పొరలోని లిపిడ్-ఏకి ఫాస్ఫోఇథనోలమైన్‌ను తగిలించి దాని రుణావేశాన్ని తగ్గిస్తుంది, కొలిస్టిన్‌కి పట్టు దొరకదు. ఆ తర్వాత ఫ్రీజర్లలోని పాత ఐసోలేట్లు (నమూనాల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) తీసి చూస్తే ఎన్నో దేశాల్లో అప్పటికే ఉంది. ఇన్నాళ్ళూ కనపడకపోవడానికి పరీక్ష కూడా ఒక కారణం. ఈ జన్యువున్న ఈ. కోలై ఎంఐసి తరచుగా మి.లీ.కి 4 లేదా 8 మైక్రోగ్రాములు మాత్రమే, లొంగేదని చెప్పే హద్దు 2. ఆ కాస్త తేడాను డిస్క్ ఎక్కడ పట్టుకుంటుంది?

2016లో ఈ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ, యూరప్ సంస్థ యూకాస్ట్ కలిసి, కొలిస్టిన్‌కి ప్రామాణిక పద్ధతి బ్రాత్ మైక్రోడైల్యూషనేనని తేల్చాయి. అందులోనూ మెలికలున్నాయి. సల్ఫేట్ లవణమే వాడాలి. ఇంజెక్షన్‌గా ఇచ్చే మీథేన్‌సల్ఫోనేట్ శరీరంలోకి వెళ్ళాక కొలిస్టిన్‌గా మారేది, అది వెల్‌లో నెమ్మదిగా, ఇష్టమొచ్చినట్టు మారుతుంది. ప్లేటు మామూలు పాలిస్టైరీన్‌ది కావాలి, ఏ పూతా ఉండకూడదు, ఎందుకంటే ఈ మందు ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, ఆ అంటుకోవడం ప్లేటును బట్టి మారుతుంది. అంటుకోకుండా పాలీసార్బేట్-80 వేద్దామనిపిస్తుంది. వెయ్యకు. అది కొలిస్టిన్‌తో కలిసి తానే బ్యాక్టీరియాను దెబ్బతీసి ఎంఐసిని దించేస్తుంది. బ్రాత్‌లో కాల్షియం లీటరుకు 20–25 మి.గ్రా., మెగ్నీషియం 10–12.5 మి.గ్రా. ఉన్నాయో లేదో బ్యాచ్ కాగితం చూసుకో. కొలిస్టిన్ వెళ్ళి అతుక్కునే చోటికే ఈ రెండూ పోటీకి వస్తాయి.

మైక్రోడైల్యూషన్‌కి వీలు లేని చోట ఇంకో దారి ఉంది. 10 మి.లీ. బ్రాత్ ఉన్న నాలుగు ట్యూబుల్లో, 10 మైక్రోగ్రాముల కొలిస్టిన్ డిస్కులు వరుసగా 0, 1, 2, 4 వేసి అరగంట ఆగితే మి.లీ.కి 0, 1, 2, 4 మైక్రోగ్రాములు తయారవుతాయి. అగార్‌లో పాకలేని డిస్కే ఇక్కడ బ్రాత్‌లో కరిగి పనికొస్తుంది. కానీ అసినెటోబాక్టర్‌కి ఈ పద్ధతి వాడకు.

ఈ తప్పు అన్నేళ్ళు ఎలా దాగింది? చాలా చోట్ల క్వాలిటీ కంట్రోల్‌కి ఈ. కోలై ఏటీసీసీ 25922 పెట్టేవారు. అది లొంగే స్ట్రెయిన్. దాన్ని మాత్రమే పెడితే, అన్నిటినీ సెన్సిటివ్ అనేసే చెడ్డ పరీక్ష కూడా దర్జాగా పాసవుతుంది. అందుకే ఎంసీఆర్-1 ఉన్న ఎన్‌సీటీసీ 13846ను కూడా పక్కన పెట్టాలి. దాని ఎంఐసి 4 రావాలి, ఎప్పుడో ఒకసారి 2 గానీ 8 గానీ వస్తే ఫరవాలేదు. నువ్వు ఏ మందు మీద పనిచేసినా, ఏ కొత్త కిట్టు కొన్నా, లొంగదని ముందే తెలిసిన స్ట్రెయిన్‌ను, అదీ హద్దుకు దగ్గరగా ఉన్నదాన్ని, పక్కన పెట్టకుండా ఎస్ అని రాయకు. ఈ ఒక్క మాటలో నాకు మొండితనం ఎక్కువ, భరించు. 2020లో సీఎల్‌ఎస్‌ఐ కొలిస్టిన్‌కి ఎస్ అనే వర్గాన్నే తీసేసింది. 2 వరకు ఇంటర్మీడియట్, 4 నుంచి రెసిస్టెంట్.

సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ చదవడం, నీ తరం పని, నాకంటే నీకే బాగా తెలుసు. అయినా ఒక మాట. జన్యువు కనపడినంత మాత్రాన నిరోధకత ఉన్నట్టు కాదు, అది పనిచేయకుండా పడి ఉండొచ్చు. కనపడనంత మాత్రాన లేనట్టూ కాదు, మందుకి ద్వారంలాంటి పోరిన్ ప్రొటీన్ పోయినా మందు లోపలికి వెళ్ళదు. ప్లాస్మిడ్ గురించి రాయాలంటే డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చదివే పొట్టి రీడ్లు చాలవు, పొడుగు రీడ్లు కూడా చేయించు. ఐసోలేట్‌ను మందు లేని మీడియా మీద పదే పదే సబ్‌కల్చర్ చేస్తే ప్లాస్మిడ్ జారిపోవచ్చు, కాబట్టి వచ్చిన రోజే గ్లిసరాల్‌లో మైనస్ 80కి పంపించు. శాతాలు లెక్కపెట్టేటప్పుడు ఒక రోగి నుంచి ఒక జాతి బ్యాక్టీరియా మొదటి ఐసోలేట్‌నే తీసుకో, లేదంటే ఐసీయూలో ఎక్కువ రోజులున్న నలుగురే నీ శాతాన్ని పెంచేస్తారు. మందులు పనిచేయకపోయాకే కల్చర్‌కి పంపే చోట నిరోధకత శాతం ఎక్కువ కనిపిస్తుంది, ఆ సంగతి నీ పేపర్లో దాచకు.

ఇక నా భయం. మీ అమ్మకు ఇది చదివి వినిపించకు.

బ్లడ్ కల్చర్‌లో ఆలస్యంగా పెరిగి, గ్రామ్ స్టెయిన్‌లో ఇసుక రేణువుల్లా సన్నగా గ్రామ్-నెగెటివ్‌గా కనిపించేది వస్తే, ఆ ప్లేటు బల్ల మీద తెరవకు. అది బ్రూసెల్లా కావచ్చు. ఆటోమేటెడ్ మెషీన్లు దాన్ని మొరాక్సెల్లా అనో ఒక్రోబాక్ట్రమ్ అనో చెప్పిన సందర్భాలున్నాయి. బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే ముట్టుకో. వాసన బట్టి బ్యాక్టీరియాను చెప్పగలమని గొప్పలు పోయే సీనియర్లు ఉంటారు, వాళ్ళ దగ్గర మిగతావన్నీ నేర్చుకో, అది మాత్రం వద్దు. సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పగిలిందని అనుమానమొస్తే వెంటనే మూత తీయకు. టీబీ కల్చర్లు అందుకు తగ్గ ల్యాబ్‌లో తప్ప తెరవకు. మెనింగోకాకస్ టీకా చేరకముందే వేయించుకో. ఫోన్ బెంచ్ దగ్గరికి రానీయకు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్‌తో పనిచేసిన రోజు శానిటైజర్‌ను నమ్మకు, స్పోర్లు దానికి చావవు, సబ్బుతో నీళ్ళ కింద కడుక్కో.

చేతి మీద ఒలికినా, సూది గుచ్చుకున్నా, చిన్న విషయమని సిగ్గుపడి దాచకు తల్లీ, ఆ గంటలోనే గైడ్‌కి చెప్పి రాయించు. ఆ తర్వాత నెలలు గడిచాక జ్వరం వచ్చినా సరే, డాక్టరు అడగకపోయినా, ఏ బ్యాక్టీరియాతో పనిచేస్తున్నావో నువ్వే ముందు చెప్పు. బ్రూసెల్లా జ్వరం రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. రక్తం ల్యాబ్‌కి పంపేటప్పుడు ఆ పేరు కాగితం మీద రాయించు, అక్కడ కూడా నీలాంటి పిల్లే ఆ ప్లేటు తెరుస్తుంది.

చేరాక నీ మొదటి కంట్రోల్ ఫలితాలు నాకు పంపు, రెండు స్ట్రెయిన్లవీ.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న