ఆ ఉప్పు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మా మావయ్యగారికి 68 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. నిరుడు హార్ట్ ఎటాక్ వచ్చాక గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. రామిప్రిల్, స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ వాడుతున్నారు. ఉప్పు తగ్గించమన్నారని రెండు నెలల కిందట ‘లో సోడియం’ ఉప్పు తెచ్చాం. ఎండలు ముదిరాయని రోజూ కొబ్బరిబొండం తాగుతున్నారు. మొన్న పొటాషియం 5.8 వచ్చింది. ఆయనకేమో ఏ బాధా లేదు. స్పైరనోలాక్టోన్ వల్లేనట, మాన్పించేయమంటారా? ఇంక ఏం వండిపెట్టాలి?
– ఒక కోడలు, గాజువాక

జవాబు: అమ్మా, 5.8 అని చదివాక పత్రిక వచ్చేదాకా ఆగలేక, మీరు రాసిన నంబరుకి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. వెంటనే మీ డాక్టరుకి చూపించి, ఈసీజీ తీయించి, రక్తపరీక్ష మళ్లీ చేయించమన్నాను. ఇక్కడ రాస్తున్నది ఇదే చిక్కులో ఉన్న మిగతా ఇళ్లకి కూడా పనికొస్తుందని.

రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. 5.5 దాటిందంటే మందుల మోతాదు చూసుకోవాల్సిందే. 6 దాటితే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. బాధ లేదు కదా అని ధీమాగా ఉండకండి. చాలామందికి ఏమీ తెలియదు, ఒక్కోసారి గుండె లయ తప్పాకే బయటపడుతుంది. కాళ్లలో సత్తువ పోయినా, దడ పుట్టినా, కళ్లు తిరిగినా అర్ధరాత్రయినా బయల్దేరండి.

ఫోన్లో మిమ్మల్ని వంటగదిలోకి వెళ్లి ఉప్పు ప్యాకెట్ వెనక చదవమన్నాను గుర్తుందా? ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కుంటూ ‘పొటాషియం క్లోరైడ్’ దగ్గర ఆగిపోయారు. సోడియం తగ్గించిన చోట వాళ్లు వేసింది అదే. కిడ్నీలు బాగుండి, ఇలాంటి మందులు వాడని బీపీ మనిషికి అది మంచి ఉప్పే. కానీ రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ రెండూ పొటాషియాన్ని మూత్రంలో పోనివ్వకుండా ఒంట్లోనే నిలబెడతాయి. దానిమీద ఈ ఉప్పు, ఆపైన రోజూ బొండం! ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. విశాఖ ఎండలో బొండం వద్దనడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఆయనకి వద్దు. మామూలు ఉప్పే తక్కువగా వేయండి. ఆవకాయ, ఎండుచేపలు పక్కన పెట్టండి. దాహానికి ఉప్పు వేయని పలచటి మజ్జిగ ఇవ్వచ్చు, అదీ డాక్టరు చెప్పిన నీళ్ల లెక్కలోనే.

స్పైరనోలాక్టోన్‌ని మాత్రం ఇరుగుపొరుగు మాట విని మాన్పించకండి. 1999లో వచ్చిన రేల్స్ అధ్యయనంలో, గుండె పంపింగ్ బాగా తగ్గి తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో ఆ బిళ్ల మరణాల ముప్పుని 30 శాతం తగ్గించింది. తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది మీ డాక్టరు తేలుస్తారు. చాలాసార్లు పొటాషియం దిగాక మళ్లీ మొదలుపెడతారు. మొదలుపెట్టిన వారానికి, నెలకి, ఆ తర్వాత కనీసం మూడు నెలలకోసారి పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి.

వంటకి భయపడకండి. బంగాళదుంప, కంద, ఆకుకూరలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది. అరటిపండు బదులు చిన్న జామకాయో ఆపిల్ ముక్కో పెట్టడమా అని ఫోన్లో అడిగారు; ఆపిలే నయం.

ఇంకొకటి మీరు అడగలేదు, నేనే చెప్పాలి. మా నాన్నగారిదీ ఇదే జబ్బు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని, నాకు చెప్పకుండా ఐదు రోజులు మింగారు. ఆరో రోజు కాళ్లు పొంగాయి, పొటాషియం 6.1. అలాంటి నొప్పి బిళ్లలు ఒంట్లో నీరు నిలిపి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఇంట్లో డాక్టర్ని ఉండీ ముందే అడగలేదే అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మావయ్యగారిని మీరు అడగండి, మెత్తగా, కోప్పడకుండా. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు కూడా మందులు వేసే ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.

అలాగని అందరూ బొండం మానేయక్కర్లేదు. ఒంట్లో నీరు తీసేసే ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని కూడా బయటికి తోసేస్తుంది, దాని వల్ల 3.5 కంటే దిగిపోయేవాళ్లూ ఉన్నారు. అదీ గుండెకి ప్రమాదమే. ఎవరి రిపోర్టు వాళ్లు చూసుకోవాలి.

రోజూ పొద్దున్నే ఒంటేలుకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు పడుతున్నట్టే. రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి విప్పుతూ ఉండొద్దని మావయ్యగారికి చెప్పండి, దానివల్ల కూడా పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. కొత్త రిపోర్టు రాగానే మీ డాక్టరుకి చూపించి, నాకూ ఒక కాపీ పంపండి.