రేడియేటర్ మార్చే ముందు బ్లాకు కడుగు

అల్లుడూ,

పెనుకొండ చేరకముందే అంబాసిడర్ ఆవిరి కక్కిందని, మెకానిక్ రేడియేటర్ మార్చమన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగు, కొత్తది కొనొద్దు. ఇన్నేళ్లూ మన అనంతపురం బోరు నీళ్లు తాగిన బండి అది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడుతుంది చూడు, బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ, లోపలా అదే పడుతుంది, దానికి తుప్పు కలిస్తే చెరువు ఒండ్రే. పంపు ముందుంటుంది, వెనక నాలుగో సిలిండర్ దగ్గరికొచ్చేసరికి నీటికి ఊపు తగ్గుతుంది, అందుకే బురదంతా అక్కడ కూర్చుంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్లాకు పక్కన, వెనకవైపు ఉన్న డ్రెయిన్ కాక్, అంటే నీళ్లు దింపే చిన్న కుళాయి, తిప్పు. నీళ్లు రాకపోతే రోగం దొరికినట్టే. కాక్ మొత్తం విప్పేసి సైకిల్ బ్రేకు తీగ లోపలికి తోసి కెలుకు.

దాంతో సరిపోదు, కోర్ ప్లగ్గులు తియ్యాలి, అవే బ్లాకు పక్కన బిళ్లల్లా ఉండే గుండ్రటి మూతలు. వెనకదానితో మొదలుపెట్టు. మధ్యలో పంచ్‌తో చిల్లు చేసి స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ఊడొస్తుంది, కానీ పంచ్ లోతుకు దిగనివ్వకు, వెనకే సిలిండర్ గోడ ఉంటుంది. లోపల వేలు పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది, నాకైతే మొదటిసారి దోసెడు బురద వచ్చింది! తీగతో గీకుతూ, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే మూత) తీసేసిన దారి నుంచి పైపుతో నీళ్లు కొడుతూ ఉండు, తేటగా వచ్చేదాకా ఓపిక పట్టాలి. కొత్త ప్లగ్గులు ఇత్తడివి దొరికితే అవే వెయ్యి, తుప్పు పట్టవు.

ఇదంతా చేసేటప్పుడు రేడియేటర్ గొట్టాలు విప్పే ఉండాలి. నేను విప్పకుండా ఏదో పొడి పోసి ఇంజిన్ నడిపాను, ఊడిన బురదంతా పోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంది, ఆ ఖర్చు ఇప్పటికీ మీ అత్త గుర్తుచేస్తుంది.

తర్వాత అన్నీ బిగించి లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోసి, అరగంట నడిపి, చల్లారాక దింపి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడుగు. రాత్రంతా ఉంచకు. మీది 1489 సీసీ పెట్రోల్, బ్లాకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ పోత ఇనుమే కాబట్టి భయం లేదు, అల్యూమినియం హెడ్డున్న పద్మిని కారుకైతే నేనింత ధైర్యంగా చెప్పను. వేడి ఇంజిన్‌లో మాత్రం చల్లనీళ్లు పోశావో, బ్లాకు పగులుతుంది.

చివరికి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బోరు నీళ్లు ఇక చుక్క కూడా వద్దు. వాడేసిన కూలెంట్ వీధిలో పారబోయకు, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చస్తాయి.

ముందు ఆ కాక్ తిప్పు, నీళ్లొచ్చాయో లేదో రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మామ