అన్నా, మనకూ ఇక్కడ ఓటుందా?

మొన్న బర్మింగ్‌హామ్ సెల్లీ ఓక్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఖమ్మం వాడు, మాస్టర్స్ చేయడానికి వచ్చాడు. ఒకే ఇంట్లో ఆరుగురుంటున్నారు. "అన్నా, కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో చెప్పమంటున్నారు, ఓటర్ల లిస్టు కోసమట. మనం స్టూడెంట్ వీసా వాళ్లం కదా, పారేయమంటావా?" అని అడిగాడు.

పారేయొద్దని గట్టిగా చెప్పాను. మీలోనూ చాలామందికి ఇదే సందేహం ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇండియా కామన్వెల్త్ దేశం. అందుకని 18 ఏళ్లు నిండి, వీసా గడువులో ఉండి, ఇంగ్లండ్‌లో కాపురముంటున్న ఏ భారతీయుడికైనా ఇక్కడ ఓటు హక్కు ఉంది. కౌన్సిల్ (అంటే ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్ అన్న తేడా లేదు. ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేదాకా, బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక సీనియర్ "సిటిజన్‌షిప్ వస్తేగానీ ఓటు రాదు" అన్నాడు. నమ్మాను. అలా ఆరేళ్లు పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను.

ఇక్కడ ఓటేస్తే ఇండియా పౌరసత్వం పోతుందేమో, వీసా రెన్యువల్‌లో ఇబ్బంది అవుతుందేమో అని కొందరికి టెన్షన్. రెండూ నిజం కావు. ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటేనే మన పౌరసత్వం పోతుంది, ఓటేస్తే కాదు. వీసా మీద రాసి ఉండే పబ్లిక్ ఫండ్స్ షరతుకీ, అంటే ప్రభుత్వ సాయం డబ్బులు తీసుకోకూడదన్న షరతుకీ, దీనికీ సంబంధమే లేదు.

ఆ ఉత్తరానికి జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి. ఇవ్వకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. అయితే అందులో మీ పేరు రాసినంత మాత్రాన ఓటు వచ్చేసినట్టు కాదు. ఎవరికి వాళ్లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. అయిదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ అడుగుతుంది. అది ఇంకా రాకపోయినా ఆ సంగతి రాసి ముందుకెళ్లొచ్చు, కౌన్సిల్ వాళ్లు వేరే రుజువు అడుగుతారు. పోలింగ్‌కి 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది, అంటే మే మొదట్లో జరిగే కౌన్సిల్ ఎన్నికలకైతే మామూలుగా ఏప్రిల్ మధ్యలో. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ నమోదు చేసుకోవాలని మరిచిపోకండి. మనవాళ్లు మొదటి మూడేళ్లలో మూడు ఇళ్లు మారతారు, పేరు మాత్రం మొదటి ఇంటి దగ్గరే ఉండిపోతుంది. లిస్టులో పేరుంటే క్రెడిట్ చెక్‌లకి కూడా పనికొస్తుంది.

ముందు మీది ఏ కౌన్సిలో చూసుకోండి. ఊళ్లన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి మనకి అంతా బర్మింగ్‌హామ్‌లాగే అనిపిస్తుంది. టివిడేల్‌లో బాలాజీ గుడి ఉంది కదా, అది శాండ్‌వెల్ కౌన్సిల్ కిందకి వస్తుంది. స్మెథ్విక్ కూడా అంతే. షిర్లీలో ఉంటే సాలిహల్. పోస్ట్‌కోడ్ కొడితే తెలిసిపోతుంది. బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్‌కి 69 వార్డులు, 101 మంది కౌన్సిలర్లు. 37 వార్డుల్లో ఒక్కొక్కరు, 32 వార్డుల్లో ఇద్దరిద్దరు. 2018, 2022, 2026, ఇలా నాలుగేళ్లకోసారి మే నెల మొదటి గురువారం మొత్తం సీట్లకి ఒకేసారి ఎన్నిక. మాంచెస్టర్ లాంటి చోట్ల మూడో వంతు సీట్లకి చొప్పున విడతలుగా జరుగుతుంది, కాబట్టి పక్క ఊరి స్నేహితుడి మాట విని ఈ ఏడాది లేదనుకోవద్దు.

కౌన్సిలర్ అంటే మన కార్పొరేటర్ లాంటివాడే. చెత్త డబ్బాలు, రోడ్లు, లైబ్రరీలు, పార్కింగ్, ఇల్లు పెంచుకోవడానికి ప్లానింగ్ పర్మిషన్, పిల్లలకి బడి సీటు, ముసలివాళ్ల బాగోగులు, ఇవన్నీ కౌన్సిల్ చేతిలోవే. ఆస్పత్రులు, పోలీసులు వేరే.

"మనం నాలుగేళ్లుండి పోయేవాళ్లం, మనకెందుకు" అనేవాళ్లకి బర్మింగ్‌హామ్ సంగతే చెబుతాను. 2023 సెప్టెంబరులో ఈ కౌన్సిల్ చేతులెత్తేసింది. ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా జీతాలివ్వని పాత బకాయిలు, గాడి తప్పిన కొత్త ఒరాకిల్ కంప్యూటర్ వ్యవస్థ, అన్నీ కలిసి మీదపడ్డాయి. సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు, అంటే తప్పనిసరి ఖర్చులు తప్ప కొత్త ఖర్చులు బంద్. లండన్ నుంచి ప్రభుత్వం కమిషనర్లను పంపింది. సాధారణంగా కౌన్సిల్ ట్యాక్స్‌ని (మన ఇంటిపన్ను లాంటిది) ఒక ఏడాదిలో 5 శాతం గానీ ఆపైన గానీ పెంచాలంటే జనం అనుమతికి ఓటింగ్ పెట్టాలి. ఇక్కడ ప్రత్యేక అనుమతితో 2024లో 9.99 శాతం, 2025లో మరో 7.49 శాతం పెంచారు. అదే ఏడాది మార్చిలో చెత్త సిబ్బంది నిరవధిక సమ్మెకి దిగారు. వీధుల్లో వేల టన్నుల చెత్త పేరుకుపోయింది. పెరిగిన బిల్లు కట్టేటప్పుడు నీ పాస్‌పోర్టు ఏ దేశానిదని ఎవరూ అడగలేదు. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి ఆ ట్యాక్స్ మినహాయింపు ఉందిలే గానీ, ఉద్యోగం రాగానే ఆ బిల్లు మీ తలుపు తడుతుంది.

పైగా కౌన్సిల్ ఎన్నికల్లో సాధారణంగా మూడో వంతు మందే ఓటేస్తారు. కొద్ది ఓట్ల తేడాతో సీట్లు అటూ ఇటూ అవుతాయి. ఒక వీధిలో పది తెలుగు కుటుంబాలు ఓటేస్తే ఆ కౌన్సిలర్‌కి తప్పకుండా తెలుస్తుంది. నేనొకసారి మా పిల్లల బడి దగ్గర రోడ్డు దాటడం కష్టంగా ఉందని కౌన్సిలర్ సర్జరీకి వెళ్లాను. సర్జరీ అంటే ఆస్పత్రి కాదు, ఆయన లైబ్రరీలో కూర్చుని జనం మాట వినే గంట. అరగంట కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. వచ్చే వారం తనే వచ్చి బడి వదిలే సమయానికి గేటు దగ్గర నిలబడి చూశాడు.

పోలింగ్ రోజు సెలవుండదు, కానీ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా సమయం ఉంటుంది. 10 కొట్టేసరికి లైన్లో ఉంటే చాలు, ఓటేయనిస్తారు. బడిలోనో చర్చి హాల్లోనో ఒక బల్ల, ఇద్దరు ముగ్గురు సిబ్బంది, ఒక చెక్క గూడు. అందులో దారానికి కట్టిన పెన్సిలు. వేలికి సిరా లేదు, మిషన్ లేదు. నచ్చిన పేరు పక్క గడిలో ఇంటు గుర్తు వేయాలి. మన బడిలో తప్పుకి ఇంటు కొట్టేవాళ్లు కదా, మొదటిసారి నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వద్దనుకున్నవాళ్ల పక్కన ఇంటు కొట్టి వచ్చేయకండి. వార్డులో రెండు సీట్లుంటే రెండు ఇంటులు వేయొచ్చు. ఎన్ని వేయాలో కాగితం మీదే రాసుంటుంది.

2023 నుంచి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తప్పనిసరి. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు చెల్లుతుంది కాబట్టి మన ఇండియన్ పాస్‌పోర్టు చాలు. ఇక్కడి ప్రొవిజనల్ లైసెన్స్ అయినా సరే. గడువైన పాత బీఆర్పీ (వీసాతో పాటు ఇచ్చిన ఫొటో కార్డు) కూడా పనికొస్తుంది, ఫొటో మీలాగే ఉంటే. చెల్లనివేమిటంటే, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు, యూనివర్సిటీ కార్డు, ఫోన్లో చూపించే ఈ-వీసా. మా స్నేహితుడొకడు ఫోన్ చూపించి, మళ్లీ ఇంటికెళ్లి పాస్‌పోర్టు పట్టుకొచ్చాడు. ఆ సమయానికి ఇండియాలో ఉంటామనుకుంటే పోస్టల్ ఓటుని నమ్ముకోకండి, కాగితం వెళ్లి తిరిగి రావడానికి రోజులు చాలవు. ఇక్కడ ఓటున్న నమ్మకమైన మనిషిని ప్రాక్సీగా, అంటే మీ బదులు మీ ఓటేసే మనిషిగా, పెట్టండి. దానికి కూడా ముందే దరఖాస్తు చేయాలి.

వారం తర్వాత ఆ కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఆరుగురూ నమోదు చేసుకోబోతున్నారట. "అన్నా, ఒకడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఇంకొకమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంది, బ్యాంకులో మెట్టినింటి పేరుంది. ఏం రాయాలి?" ఇది అచ్చంగా మన తెలుగువాళ్ల తంటా. పోలింగ్ రోజు ఏ కార్డు చూపిస్తారో ఆ కార్డు మీదున్న పేరే, అక్షరం పోకుండా రాయండి అన్నాను. ఆ అమ్మాయి పాస్‌పోర్టులో ఉన్న పుట్టింటి పేరే ఇవ్వాలి. అప్పటికే మెట్టినింటి పేరుతో నమోదైనవాళ్లుంటే పెళ్లి సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాడిని మాత్రం కౌన్సిల్ ఎన్నికల విభాగానికి ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించి, ఎలా రాయాలో అడిగాకే ఫారం పంపమన్నాను.