చిన్న ఊళ్ల విమానాలు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: హైదరాబాద్–కడప ట్రూజెట్ విమానం నేను ఎక్కినప్పుడల్లా నిండుగానే ఉండేది. మరి ఎందుకు నిలవలేకపోయింది? (ఒక పాఠకుడు, కడప)

ట్రూజెట్‌ను నడిపింది హైదరాబాద్‌కు చెందిన టర్బో మేఘా ఎయిర్‌వేస్. 2015 జులైలో మొదలైంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ ఆరంభమైన రోజే మీ కడప సర్వీసూ ఎగిరింది. 2022 ఫిబ్రవరిలో విమానాలు ఆగిపోయాయి. మధ్యలో కోవిడ్ దెబ్బ సరే, అది లేకపోయినా ఈ వ్యాపారం కత్తి మీద సామే.

ఉడాన్‌లో సగం సీట్లు, అంటే 70 సీట్ల ఏటీఆర్ (ట్రూజెట్ నడిపిన ప్రొపెల్లర్ విమానం)లో 35, పరిమిత ధరకే అమ్మాలి. మొదట్లో గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలు. తగ్గిన ఆదాయాన్ని ప్రభుత్వం పూడుస్తుంది: మన రాష్ట్రాల్లో కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం. ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలూ ఉండవు. కానీ పూడ్చేది 3 ఏళ్లే. ఆలోగా రూటు సొంత కాళ్ల మీద నిలబడాలి.

నిండిన విమానం చూసి లాభమనుకుంటాం. అసలు లెక్క అది రోజుకు ఎన్నిసార్లు ఎగిరిందన్నది. ఎగిరినా ఎగరకపోయినా లీజు అద్దె కట్టాల్సిందే, అదీ డాలర్లలో. ఐదు విమానాలున్న సంస్థలో ఒకటి మరమ్మతుకు వెళితే ఐదో వంతు సర్వీసులు పోయినట్టే, బదులు పెట్టడానికి ఇంకో విమానం ఉండదు. పొద్దున్న పొగమంచుకు గంట ఆలస్యమైతే అదే విమానం తిరిగే ఊళ్లన్నిటికీ ఆ గంట పాకుతుంది. చివరి ఊళ్లో రాత్రి దిగే సదుపాయం లేదా, ఆ ట్రిప్పు రద్దే. టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలి, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: ఏటీఆర్‌లో వెనక తలుపు నుంచి ఎందుకు ఎక్కిస్తారు? తోక కింద ఆ కడ్డీ ఏమిటి? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

సామాన్ల గది ముందుంటుంది, కాక్‌పిట్ వెనకే. అందుకే ప్రయాణికుల తలుపు వెనక ఎడమ పక్కకు వెళ్లింది. అందరూ ఒక్కసారిగా వెనక గుమిగూడితే బరువు అటు పడి ముక్కు లేచే ప్రమాదముంది. అలా తోక నేలకు కొట్టుకోకుండా ఆపేదే ఆ కడ్డీ. బయల్దేరే ముందు తీసేస్తారు.

ఇంకోటి గమనించారా? నేలమీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ ఇచ్చే ప్రత్యేక చిన్న ఇంజిన్ ఏటీఆర్‌కు లేదు. కుడి ఇంజిన్‌నే నడుపుతూ దాని ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఉంచవచ్చు. హోటల్ మోడ్ అంటారు. ప్రొపెల్లర్ తిరగకపోయినా మోత వినిపించేది అందుకే.

ప్రశ్న: నిజాం కాలంలోనే హైదరాబాద్‌కు సొంత విమాన సంస్థ ఉండేదట, నిజమా? (ఒక పాఠకుడు, వరంగల్)

నిజమే. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట కేంద్రంగా డకోటా రకం విమానాలు నడిపేది. 1953లో జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 2003లో బెంగళూరు నుంచి కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్‌కూ దీనికీ పేరు పోలికే తప్ప చుట్టరికం లేదు.