పొయ్యిలు లెక్కపెట్టు బిడ్డా

చిట్టీ,

బస్తీ కమిటీలో నిన్ను పెట్టారని, మీ బస్తీలో ఇళ్లు తీసి రోడ్డు వేసి, మళ్లీ ఇళ్లు కట్టిస్తామనే సంగతి మీద శనివారం ఆఫీసర్ల ముందు మాట్లాడేది నువ్వేనని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో గర్వం చూడాలి! నాకూ సంతోషమే, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. గల్లీ మూల కుక్కకు భయపడి ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లవి, నువ్వు రోడ్డు గురించి బేరం ఆడతావా?

ముందు చిన్న పనులు. ఇంటింటికీ ఒక కవరు పెట్టించు. పట్టా, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు, అన్నీ రెండేసి జిరాక్సులు. సర్కారు జాగాలో ఇల్లు కట్టుకున్న పేదలకు ఇచ్చే 58 జీవో పట్టా వచ్చినవాళ్లవి ఒకపక్క, రానివాళ్లవి ఒకపక్క. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఇవి నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక రోడ్డు. నేను రోడ్డుకు అడ్డం కాదు. అంబులెన్స్ లోపలికి రాలేక మీ తాతను మంచంతో సహా మెయిన్ రోడ్డు దాకా మోసుకుపోయారు. అది చూసినదాన్ని రోడ్డు వద్దని ఎట్లా అంటాను? కానీ ముందు రోడ్డు వేసి, రోడ్డు వైపు దుకాణాలు అమ్మి, ఆ డబ్బుతో వెనక మీకు ఫ్లాట్లు కట్టిస్తామంటున్నారట. దుకాణాలు అమ్ముడుపోకపోతే? ఈ ఒక్క మాట అడిగి కూర్చో, వాళ్లనే మాట్లాడనివ్వు. రోడ్డుకు టెండరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఇళ్లకు 'త్వరలో' ఉంటుంది. సగం బస్తీలో ముందు ఇళ్లు కట్టి తాళాలు ఇచ్చాకే మిగతా సగం ముట్టుకోవాలని, కట్టేదాకా అద్దె వాళ్లే ఇవ్వాలని రాయించు. నోటిమాట వద్దు.

సికింద్రాబాద్ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీకి పోయి చూసిరా. పాత ఇళ్లు తీసి అక్కడే 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. ఉన్నచోటే కట్టడం కుదరదని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పు. పోయినప్పుడు ఆడవాళ్లతో మాట్లాడు. కట్టినన్నాళ్లూ ఎక్కడున్నారో, ఎట్లా గడిపారో వాళ్లే చెప్తారు.

వేరేచోట ఇస్తామంటే మాత్రం ముందు మా ఇంటికి రా. మా చిన్నోడికి డ్రాలో సర్కారు ఇల్లు వచ్చిందని ఊరవతల కొల్లూరు వచ్చాం కదా. 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పై అంతస్తుకు పోతే ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తుంది. 158 కిలోమీటర్ల రోడ్డు, కళ్ల ముందే. దాని మీదికి చిన్నోడి బండిని రానివ్వరు, నన్ను నడవనివ్వరు. నేను ఇళ్లలో పని మానేసింది మోకాళ్ల వల్ల అని మీ అమ్మ అనుకుంటోంది. కాదు, బస్సుల వల్ల.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2008లో మేము అప్పుడున్న బస్తీలో ఇట్లాగే రోడ్డు, ఇళ్లు కలిపి సర్వే పెట్టారు. ఒకాయన టేపు పట్టుకుని, ఇంకొకాయన ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వచ్చారు. మా తలుపు మీద 41 వేశారు. రంగు ఇంకా కారుతుంటే అడిగారు, "అమ్మా, ఈ ఇంట్లో ఎన్ని కుటుంబాలు?" కింద మేము. పైన రేకుల గదిలో మా మరిది, తోడికోడలు, ఇద్దరు పిల్లలు. ఆ గదికి పర్మిషన్ లేదు. అది బయటపడితే ఇల్లంతా తీసేస్తారని నాకు భయం. "ఒకటే సార్" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే పైన గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన కాగితం మీద ఒకటి వేసుకుని పక్కింటికి పోయాడు. అర నిమిషం పట్టి ఉంటుంది.

రెండేళ్లకు కమ్యూనిటీ హాలు గోడకు లిస్టు అంటించారు. 41కి ఒక్కటే పేరు, మాది. మా మరిది ఆ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. "మీ వదినే చెప్పింది కదయ్యా" అన్నారట. ఆయన ఇంటికొచ్చి నన్ను ఏమీ అనలేదు, సామాను కట్టుకున్నాడు. తోడికోడలు ఇప్పటికీ బోనాలకు వస్తుంది, నా జడ తనే వేస్తుంది. ఆ రోజు మాట ఎత్తదు. నాకూ ఎత్తే ధైర్యం లేదు.

అందుకే చెప్తున్నా, తలుపులు లెక్కపెట్టొద్దు, పొయ్యిలు లెక్కపెట్టు. ఒక పొయ్యి అంటే ఒక కుటుంబం. ఇప్పుడు చట్టంలో కూడా అట్లాంటి మాటే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మేజర్ అయిన ప్రతి మనిషీ, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబం కిందే లెక్క. విధవలు, విడాకులు తీసుకున్నవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు కూడా అంతే. నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు అరవై రోజులు ఉంటాయి. మన రాష్ట్రం ఆ చట్టానికి సవరణలు తెచ్చింది కాబట్టి ఏది మీకు వర్తిస్తుందో ముందే ఒక వకీలును అడుగు. ఫీజుకు డబ్బులు తక్కువైతే నన్ను అడుగు, మీ అమ్మను కాదు.

సర్వే వాళ్లు రాకముందే మీ లిస్టు మీరు రాసుకోండి. పర్మిషన్ లేని గదులున్నవాళ్లు నాలాగే భయపడి తగ్గించి చెప్తారు. వాళ్లను తిట్టకు. పక్కన కూర్చుని నా కథ చెప్పు, నా పేరు పెట్టి చెప్పినా పర్వాలేదు. గట్టిగా మాట్లాడతావని విన్నాను, ఆ నోరు ఆఫీసర్ల కోసం దాచుకో.

శనివారం పొద్దున ఏమైనా తిని పో, టెన్షన్‌లో ఉట్టి కడుపుతో పోతావు, నాకు తెలుసు. ఇంకో మాట, రెండో గల్లీలో మెట్ల కింద ఉండే అవ్వను మర్చిపోకు. ఆమెకు తలుపు లేదు, గోనెపట్టానే. పొయ్యి బయట నల్లా పక్కన ఉంటుంది, వాన పడితే లోపల పెట్టుకుంటుంది. చూసి రాసుకో.

మీ పెద్దమ్మ